సరస్వతాకు నెయ్యి, పటికబెల్లం ముక్క

మా పెద్దమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు దాని జ్ఞాపకశక్తి కోసం మా ఇంట్లో నెయ్యి కాచారు. ఇప్పుడది మూడో తరగతికి వచ్చింది. ఆ నెయ్యి కాచిన ఇత్తడి గిన్నె అడుగున పట్టిన పచ్చటి చార మాత్రం చింతపండుకూ పోలేదు, బూడిదకూ పోలేదు. మా అత్తయ్య ఆ గిన్నెలో పాలు కాచనివ్వదు, పప్పు వండనివ్వదు. "అది మందు గిన్నె, దాని జోలికి పోమాకు" అంటుంది.

ఈమధ్య మా చిన్నదానికి ఏడాది దాటినా మాటలు రావడం లేదని నేను దిగులు పడుతుంటే, అత్తయ్య నా ముఖం చూడకుండా అటక మీది ఆ గిన్నె వైపు చూసింది. ఆ చూపుకు భయపడే ఇదంతా రాస్తున్నాను. పిల్లలు పడుకున్నాక రాసుకోవడానికి ఈపాటి వీలు దొరుకుతుంది.

మేముండేది నరసరావుపేటలో. మావారు కాలవల ఆఫీసులో గుమాస్తా. మామయ్య వాళ్ళది రాజుపాలెం పక్కన పల్లె. మనవరాలి చదువు కోసం పొలం కౌలుకిచ్చి పేటకు వచ్చామని మామయ్య అందరికీ చెబుతారు. పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయాక పల్లెలో పొద్దుపోక వచ్చారని అత్తయ్య చెబుతుంది. రెండూ నిజమేనని నా అనుమానం.

దసరా సెలవులకు ముందు ఒకరోజు స్కూలు గేటు దగ్గర టీచరు నన్ను ఆపింది. నాకంటే చిన్నది. సుద్దముక్క పొడి ఇంకా చీర కుచ్చిళ్ళ మీదే ఉంది.

"మీ పాపకి మెమరీ పవర్ బాగా తక్కువండీ. ఏది అడిగినా చెప్పదు. నా ముఖం వంక చూస్తూ నిలబడుతుంది. హాఫ్ ఇయర్లీలో కూడా ఇలాగే ఉంటే మళ్ళీ యూకేజీలో కూర్చోబెట్టమంటున్నారు మా హెడ్ మిస్ట్రెస్ గారు" అంది.

ఆ గేటు దగ్గర నుంచి ఇంటిదాకా దాని చెయ్యి పట్టుకుని నడుస్తూ, అది కడుపులో ఉన్నప్పుడు నేను చేసిన పనులన్నీ తలుచుకున్నాను. వికారం పుడుతోందని ఐరన్ మాత్రలు పెరట్లో జామచెట్టు మొదట్లో పారేశాను. ఆ జామచెట్టు బ్రహ్మాండంగా కాసింది. గ్రహణం రోజు అందరూ వద్దంటున్నా, సైన్సు చదువుకున్నదాన్ని కదా అని కిటికీ తెరిచి కూర్చున్నాను. పురిటికి ముందు నెలంతా వారపత్రికలు తిరగేస్తూ పడుకున్నానే తప్ప బుద్ధికి పనికొచ్చే పుస్తకం ఒక్కటీ చదవలేదు. ఇన్ని చేసిన తల్లికి తెలివైన పిల్ల ఎలా పుడుతుంది?

ఇంటికి రాగానే కాళ్ళయినా కడగకుండా పుస్తకం తీసి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టాను. ఆవు బొమ్మ మీద వేలు పెట్టి, "ఇదేంటి?" అన్నాను. అది బొమ్మను చూసింది, నన్ను చూసింది, మాట్లాడలేదు. కాకి బొమ్మకూ అంతే. ఎక్కాలకూ అంతే. దాని ముఖంలో భయమేమీ లేదు. నా మీద జాలి పడుతున్నట్టు చూసింది. ఆ జాలి చూపే నాకప్పుడు మందమతి లక్షణంలా కనిపించింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మావారు విషయమంతా విని నవ్వారు.

"నువ్వు బాటనీలో డిగ్రీ చదివావుగా. కిరణజన్య సంయోగ క్రియ గురించి చెప్పు చూద్దాం."

నాకు ఆకుపచ్చ రంగు దగ్గర ఆగిపోయింది.

"చూశావా? నీకూ మెమరీ పవర్ లేదు. అయినా నిన్ను పాస్ చేశారు. దాన్నీ చేస్తారులే."

అత్తయ్యకు మాత్రం ఇది నవ్వులాటగా అనిపించలేదు. వంటింట్లోంచి బయటికి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ తీర్పు చెప్పేసింది.

"బిడ్డకి వస సరిగ్గా పట్టలా. నేను రోజూ నాలిక మీద రాస్తానంటే, డాక్టరమ్మ వద్దన్నదని నువ్వే గదా అడ్డం పడ్డావు? పోనీలే, మించిపోయిందేం లేదు. గురజాల పోదాం. అక్కడ పెద్దాయన సరస్వతాకు నెయ్యి చెపుతాడు. మా పుట్టింటి వైపు ఎంతమంది మొద్దు పిలగాళ్ళు దాంతో ఒడ్డున పడ్డారో."

"ఎవరెవరు?" అన్నారు మావారు.

"ఏమోరా, ఇప్పుడు పేర్లు గుర్తు రావట్లా."

ఆ వారంలోనే బస్సెక్కి గురజాల వెళ్ళాం. పిడుగురాళ్ళ దాటేదాకా సున్నపు బట్టీల పొగకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. పిల్ల మాత్రం కిటికీలోంచి తల బయట పెట్టి ఎన్ని బట్టీలున్నాయో లెక్కపెడుతూ వచ్చింది. అది నేను పట్టించుకోలేదు. నా ధ్యాసంతా దాని జ్ఞాపకశక్తి మీద ఉంది.

వైద్యుడు గారు బాగా పెద్దాయన. వసారాలో బల్ల మీద కూర్చుని తమలపాకులు తుడుచుకుంటున్నాడు. అత్తయ్య పిల్ల పేరు, వయసు, తరగతి, టీచరు అన్న మాట, నేను వస వద్దన్న సంగతి అన్నీ ఏకరువు పెట్టింది. ఆయన పిల్లను దగ్గరికి తీసుకుని, "నీ పేరేందమ్మా?" అన్నాడు. అది పలకలేదు.

"చెవులు వినపడతయ్యా?"

"వెనకింట్లో బెల్లం డబ్బా మూత తీస్తే వినపడతయ్యి" అంది అత్తయ్య.

ఆయన నాలుక చూశాడు, కళ్ళ కింద చూశాడు, నాడి పట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. సరస్వతాకు దంచి రసం తియ్యాలి. వస, చెంగల్వ కోష్టు, శంఖపుష్పి మెత్తగా ముద్ద నూరాలి. ఆవు నెయ్యిలో ఆ ముద్దా రసమూ కలిపి, నీరంతా ఇగిరిపోయేదాకా సన్నటి సెగ మీద కాచాలి. నెయ్యి ఎంత పాతదైతే అంత మంచిది.

"పొద్దున్నే పరగడుపున ఒక్క చెంచా. కొంచెం చేదుగా ఉంటది, ఎనకాలే పటికబెల్లం ముక్క పెట్టండి. ఒక్క చెంచా, తెలిసిందా? నెయ్యి మంచిదని ఎక్కువ పోస్తే మెదడుకి పోదు, కడుపుకి పోద్ది."

మేమిద్దరం బుద్ధిమంతుల్లా తలలూపాం. ఆ ఒక్క చెంచా అన్న మాట మా ఇద్దరికీ బాగా గుర్తుంది. ఇంటికి వచ్చాక మామయ్యకు కూడా అత్తయ్య అదే మాట గట్టిగా చెప్పింది. ఆ తర్వాత జరిగిన దానికి ఎవరమూ ఆ మాట మర్చిపోవడం కారణం కాదు.

ఆకు తెచ్చే పని మామయ్య తన మీద వేసుకున్నారు. సాగర్ కాలవ వచ్చాక వాళ్ళ పల్లెలో తడి గట్ల మీద సరస్వతాకు పరుచుకుని పెరుగుతోందట. పొద్దున బస్సుకు వెళ్ళి సాయంత్రానికి ఒక గోతం నిండా తెచ్చారు. నరసరావుపేట మొత్తానికి పరీక్షలున్నా సరిపోయే ఆకు అది. గుమ్మంలో గోతం దించి, గర్వంగా చెమట తుడుచుకుంటుంటే అత్తయ్య అడిగింది.

"గొడుగేదయ్యా?"

మామయ్య చేతుల వంక చూసుకున్నారు. గొడుగు కాలవ గట్టు మీదే ఉండిపోయింది.

"ముందు ఈయనకి పొయ్యాలి నెయ్యి" అంది అత్తయ్య.

గోతం విప్పాక నేనొక పొరపాటు పని చేశాను. గుండ్రటి ఆకు ఒకటి తీసి వెలుగులోకి పట్టుకుని, "అత్తయ్యా, మా కాలేజీ పుస్తకంలో బ్రాహ్మి అంటే ఇది కాదు, చిన్న చిన్న ఆకులు దళసరిగా ఉంటాయి, తెల్లటి పూలు" అన్నాను. అత్తయ్య రోలు కడుగుతూ తలెత్తింది.

"మీ కాలేజీలో దాంతో నెయ్యి కాచారా?"

"లేదు. అట్టకు అంటించాం."

"అయితే అట్టకంటించేది అది, నెయ్యిలో వేసేది ఇది. దంచు."

దంచాను. మోచేతుల దాకా పచ్చగా అయింది.

ఆవు నెయ్యి బెల్లంకొండ నుంచి అత్తయ్య చెల్లెలు పంపింది. మా ఇంట్లో ఉన్నది గేదె నెయ్యి. అదే వేస్తే పోలా అని మావారు అడిగితే, "గేదె నెయ్యి వేస్తే దానికున్న బుద్ధి గూడా నీళ్ళలో దిగి పడుకుంటది" అంది అత్తయ్య. గిన్నెకు కళాయి పక్కింట్లోనే వేయించాం. పక్కింటి సాయిబు గారు పాత్రలకు కళాయి వేస్తారు. ఆయన భార్యను నేను పిన్ని అంటాను, మా పిల్ల బూబమ్మ అంటుంది. వాళ్ళ చిన్నమ్మాయి, మా పిల్ల ఒకే ఈడు వాళ్ళు. కళాయి వేసిన గిన్నె తెచ్చిచ్చి, పిన్ని పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చుంది, చివరిదాకా లేవలేదు.

కాచడానికి దాదాపు రోజంతా పట్టింది. రసం పోసినప్పుడు గిన్నె నిండా పచ్చటి నురగ పొంగింది. ఇల్లంతా తడి గడ్డి వాసనా, వస వాసనా. అత్తయ్య గరిటె వదల్లేదు. కాసేపటికొకసారి గిన్నె అడుగున ఉన్న ముద్ద కొంచెం తీసి, వేళ్ళ మధ్య వత్తిలా చేసి, పొయ్యిలో మంటకు చూపించేది. అది చిటపటలాడితే ఇంకా నీరుందన్నమాట. మళ్ళీ కాచాలి. సాయంత్రానికి నురగ అణిగిపోయింది. వత్తి చప్పుడు చేయకుండా వెలిగింది. అత్తయ్య ముఖం కూడా వెలిగింది. వడగట్టి పింగాణీ జాడీలో పోసి, పిన్నికి కూడా ఒక చిన్న గిన్నెడు ఇచ్చింది.

"మీ పిల్లకి గూడా పొయ్యమ్మా. చదువుకునే పిల్లేగా."

"మా పిల్లకి చదువుకన్నా ముందు బుద్ధి రావాలక్కా. దానికేమన్నా ఉందా మందు?" అంది పిన్ని.

మర్నాటి నుంచి నెయ్యి మొదలైంది. ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో కోడలు మామగారితో ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి పిల్లతో చెబుతున్నట్టు చెబుతుంది. "తాతయ్యని భోజనానికి రమ్మని చెప్పు" అంటే, పిల్ల నోరు తెరవకముందే మామయ్య లేచి కాళ్ళు కడుక్కుంటారు. అత్తయ్యతో మాట్లాడతాను కానీ పొద్దున పూట మేమిద్దరం ఒకరికొకరం కనబడేదే తక్కువ. ఆవిడ పాల కేంద్రానికీ కుళాయికీ తిరుగుతూ ఉంటుంది, నేను పొయ్యి దగ్గర ఉంటాను.

కాబట్టి నేను పిల్ల లేవగానే పరగడుపున ఒక చెంచా పోసి, పటికబెల్లం పెట్టి, నా పని నేను చూసుకునేదాన్ని. అత్తయ్యకు చెప్పాల్సిన అవసరం కనిపించలేదు. తల్లిని కదా, నేను కాక ఎవరు పోస్తారు?

ఆ తర్వాత రోజులు గడిచే కొద్దీ నా కంగారు పెరిగింది. టీచరు గేటు దగ్గర కనిపిస్తే కళ్ళతోనే అడిగేదాన్ని. ఆవిడ తల అడ్డంగా ఊపేది. ఇంట్లో పుస్తకం తీస్తే పిల్ల అదే జాలి చూపు. పైగా జాడీలో నెయ్యి చూస్తే, నెలలు రావలసింది కాస్తా సగానికి దిగిపోయింది.

అత్తయ్య నేరుగా మామయ్యను పట్టుకుంది. మామయ్యకు నెయ్యి అంటే ఎంత ఇష్టమో మా బంధువులందరికీ తెలుసు. గోంగూర పచ్చడిలో ఆయన వేసుకునే నెయ్యికి అన్నం ఈదుతుంది.

"ఏందయ్యా, పసిపిల్ల మందు గూడా వదలవా? కందిపొడిలో పోసుకున్నావా, పచ్చట్లో పోసుకున్నావా?"

"ఏమే, నాకేం ఖర్మ? ఆ చేదు నెయ్యి పచ్చట్లో ఎవడు పోసుకుంటాడు?"

"చేదని నీకెట్టా తెలుసు?"

మామయ్య దినపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. తలుపు చాటున ఉన్న నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తాను. కానీ ఆ తర్వాత అత్తయ్య అనుమానం పిల్లి మీదికీ, పిల్లి మీద నుంచి నా మీదికీ వచ్చింది. "దానికీ మరుపు ఎక్కువేగా, పాపం తాగుతుందేమోలే" అని పిన్నితో అంటుంటే నా చెవులతో నేనే విన్నాను.

హాఫ్ ఇయర్లీ ఇంక వారంలోకి వచ్చిందనగా పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. గట్టిగా నిలబడలేని పిల్ల పరీక్షలో ఏం చెబుతుంది? చెప్పకపోతే యూకేజీ. తన ఈడు పిల్లలంతా పై తరగతిలో ఉంటే, ఇది ఆ చిన్న పిల్లల మధ్య, చిన్న బెంచీ మీద మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవడం నా కళ్ళకు కట్టింది. ఏడుపు ఆగలేదు. ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి తీసుకువెళదామని మావారు రిక్షా కోసం వెళ్ళబోతుంటే, అత్తయ్యకు గుర్తొచ్చింది. ఆ రోజు గురువారం. గురజాల పెద్దాయన మూలికలు కొనడానికి వారం వారం పేటకు వస్తాడు. మావారు రిక్షాను పచారీ కొట్ల బజారుకు తిప్పి, ఆయన్నే ఎక్కించుకుని వచ్చారు.

ఆయన వసారాలో కూర్చుని పిల్ల పొట్ట నొక్కి చూశాడు. జాడీ తెమ్మని లోపలికి చూశాడు. మా అందరి ముఖాలూ చూశాడు. పక్కింటి పిన్ని కూడా గోడ అవతల నుంచి తల పెట్టింది.

"ఎంత పోస్తన్నారు?"

"ఒక్క చెంచానే" అన్నాను నేను.

"ఒక్క చెంచానే" అంది అత్తయ్య, అదే క్షణంలో.

పత్రిక వెనక నుంచి మామయ్య గొంతు కూడా, "ఒక్కటేనయ్యా" అంది. గోడ అవతల నుంచి పిన్ని, "మీరు చెప్పినట్టే, ఒక్క చెంచా" అంది.

పెద్దాయన పిల్ల వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నాకేం తెలియదు. నేనీ ఊళ్ళో ఉండను. నీకు నెయ్యి ఎవరెవరు పోస్తారో చెప్పు."

మా పిల్ల నోరు తెరిచింది. టీచరు ముందు తెరవని నోరు, నా ముందు తెరవని నోరు.

"పొద్దున్నే అమ్మ పోసుద్ది, ముక్కు మూసి. పటికబెల్లం చిన్న ముక్క ఇస్తది. నీళ్ళు పోసుకున్నాక నాయనమ్మ పోసుద్ది. తూర్పు తిరగమంటది. ముక్క కొంచెం పెద్దది. బడికి పొయ్యేటప్పుడు చెప్పులేసుకునే ముందు తాతయ్య పోస్తాడు. తాతయ్యది అన్నిటికన్నా పెద్ద ముక్క. తాతయ్య గూడా ఒక చెంచా తాగుతాడు, నాయనమ్మకి చెప్పొద్దన్నాడు."

"ఒసేయ్, చెప్పొద్దన్నాగా!" అన్నారు మామయ్య.

"నాయనమ్మకి చెప్పలా తాతయ్యా. ఈ తాతకి చెప్పా."

"ఇంకా?" అన్నాడు పెద్దాయన, మీసం కింద పెదాలు బిగబట్టుకుని.

"సాయంత్రం బూబమ్మ వాళ్ళ పాపకి పోసేటప్పుడు నాకూ పోసుద్ది. అక్కడ పటికబెల్లం ఉండదు. నువ్వులుండ పెడతది."

అత్తయ్య చెంపలు వాయించుకుంది. అసలు సంగతి అప్పుడు తెలిసింది. అత్తయ్య రోజూ పిల్లను అడిగేదట, "మీ అమ్మ పోసిందా?" అని. పిల్ల పలికేది కాదు. పోసిందో లేదో కూడా గుర్తులేని పిచ్చిది అనుకుని, అత్తయ్య జాలిపడి పోసేది. మామయ్యా అడిగేవారు. పిల్ల పలికేది కాదు. ఆడవాళ్ళిద్దరూ పనుల్లో పడి మర్చిపోయారనుకుని ఆయనా పోసేవారు. నేను పోసిన సంగతి ఆయనకు నేను చెప్పను, ఆయన నన్ను అడగరు. దాని మరుపు ఎంత ఎక్కువగా కనిపిస్తే దానికి అన్ని చెంచాలు దొరికేవి.

"పోశారని చెప్పొచ్చు గదే?" అంది అత్తయ్య.

"చెప్తే పటికబెల్లం పెట్టవుగా" అంది అది.

పెద్దాయన ఇంక ఆపుకోలేకపోయాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఒక ఊరికి సరిపోయే జ్ఞాపకశక్తి అంతా ఒక్కదానికే పోశారు గదమ్మా. కడుపు ఊరుకుంటదా?" అని, నెయ్యి ఆపేసి దానిమ్మ తొక్క మజ్జిగలో అరగదీసి ఇమ్మన్నాడు. లేవబోతూ ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు పిల్లను అడిగాడు.

"ఇన్ని గుర్తున్నయ్యి గదా, మరి బళ్ళో టీచరడిగితే ఎందుకు చెప్పవే?"

పిల్ల ఆయన్ను ఆశ్చర్యంగా చూసింది.

"ఆమెకి తెలుసు తాతా. పుస్తకంలో చూసి అడుగుద్ది. మా అమ్మా అంతే. ఆవు బొమ్మ చూపించి ఇదేందంటది. అమ్మకి ఆవు తెలియదా?"

మావారు నా వంక చూసి, "నీకు నిజంగానే తెలియదనుకుని ఉంటే చెప్పేసేది, పాపం" అన్నారు.

రెండు రోజుల్లో పిల్ల కోలుకుంది. కానీ హాఫ్ ఇయర్లీ అలాగే ఉంది. దాని తెలివి మాకు తెలిస్తే చాలదుగా, హెడ్ మిస్ట్రెస్ గారికి తెలియాలి. దాన్ని కూర్చోబెట్టి ఎన్ని విధాల చెప్పినా, "వాళ్ళకి తెలుసుగా" అన్న ఒక్క మాట దగ్గరే ఆగేది. "తెలిసినా సరే చెప్పాలి, అది పద్ధతి" అంటే, "ఎందుకంట?" అనేది. ఎందుకో నాకూ తెలియలేదు.

చివరికి పరీక్ష ముందు రోజు స్కూలుకు వెళ్ళి టీచరుకు మొత్తం చెప్పాను. నెయ్యి సంగతి చెప్పేటప్పుడు సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆవిడ మొదట చిన్నబుచ్చుకుంది.

"అంటే నాకు తెలిసినవి అడగకూడదాండీ? నాకు తెలియనివి అడిగితే మీ పాపకెలా తెలుస్తాయి?"

నిజమే కదా అనిపించింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మర్నాడు పరీక్ష. అన్నీ నోటితోనే అడుగుతారు, హెడ్ మిస్ట్రెస్ గారు పక్కన కూర్చుని వింటారు. నేను ఇంట్లో ఉండలేక స్కూలు ఎదురుగా సైకిలు షాపు చూరు కింద నిలబడ్డాను. కాసేపటికి అత్తయ్య వచ్చింది, కరివేపాకు కొనడానికట. మా పెరట్లో కరివేపాకు చెట్టుంది. ఇంకాసేపటికి మామయ్య కూడా వచ్చి, మమ్మల్ని చూసి కొంచెం దూరంగా, సైకిలు టైర్ల బేరం చేస్తూ నిలబడ్డారు. మామయ్యకు సైకిలు తొక్కడం రాదు.

లోపల గంట కొట్టారు. పిల్ల బయటికి వచ్చింది. ముఖం బాగా దిగులుగా ఉంది.

"ఏమైందమ్మా? చెప్పలేదా?"

"చెప్పాగా. అమ్మా, మా టీచరుకి ఏం గుర్తుండట్లేదు." దాని కళ్ళలో నిజంగా నీళ్ళు తిరిగాయి. "రెండు మూళ్ళు ఎంతో మర్చిపోయిందంట. ఆవుని ఇంగ్లీషులో ఏమంటారో మర్చిపోయిందంట. పెద్ద టీచరు ముందర నన్ను అడిగింది, పాపం. అన్నీ నేనే చెప్పా. చెప్పకపోతే ఆమెని తిడతారుగా."

అత్తయ్య దాన్ని అక్కడే ఎత్తుకుని ముద్దులు పెట్టుకుంది. మామయ్య టైర్ల బేరం మధ్యలో ఆపేసి వచ్చేశారు. షాపతను వెనక నుంచి కేకలు పెడుతూనే ఉన్నాడు.

ఇంటికి వెళ్ళే దారి పొడవునా అది ఒకటే గొడవ. జాడీలో మిగిలిన నెయ్యి టీచరుకిద్దామని. ఎంత చెప్పినా వినలేదు. చివరికి అత్తయ్య హార్లిక్స్ సీసాలో పోసి, మూతకు గుడ్డ కట్టి ఇచ్చింది. "రోజుకి ఒక్క చెంచా అని చెప్పు. ఒక్కటే" అని మరీ మరీ చెప్పింది. ఈసారి అది చెప్పింది కూడా, టీచరుకు ఆ సంగతి నిజంగా తెలియదు కాబట్టి.

పిల్లను యూకేజీకి పంపలేదు. ఆ మాట చెప్పడానికే కొన్నాళ్ళ తర్వాత గేటు దగ్గర టీచరు నన్ను మళ్ళీ ఆపింది. శుభవార్త చెబుతున్న మనిషిలా లేదు, కాస్త నీరసంగా ఉంది.

"పాసయిందండీ, బ్రహ్మాండంగా చెప్పింది. కానీ రోజూ ప్రేయర్ కాగానే నా దగ్గరికి వచ్చి, నెయ్యి తాగారా టీచర్ అని అడుగుతోంది. నేను తాగానంటే నమ్మదు. మీకు గుర్తుండదు టీచర్, తాగి ఉండరు అంటుంది. అందుకని దాని ఎదురుగానే తాగాల్సి వస్తోంది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నెయ్యి పంపారు బాగానే ఉంది. వట్టిగా మింగలేక చస్తున్నా. పటికబెల్లం కూడా పంపాలని మీకు తోచలేదాండీ?"

మర్నాడు అత్తయ్య పొట్లం కట్టి ఇచ్చింది. నేను పెట్టేంత చిన్న ముక్కలు కాదు, మామయ్య పెట్టేంత పెద్ద ముక్కలు.